తునికాకు టెండర్లో కాంట్రాక్టర్లు ముగ్గురూ ఒక్కటైతే గేమ్ థియరీ ఏం చెబుతుంది?

తమ్మీ, నువ్వు అడిగింది ఒక ప్రశ్నలా కనిపిస్తోంది కానీ అందులో మూడున్నాయి. బీఏలో గేమ్ థియరీ (నా లాభం ఎదుటివాడు ఏం చేస్తాడన్నదాని మీద ఆధారపడిన చోట ఎవరేం చేస్తారో చూసే లెక్క) అంటే ఇద్దరు ఖైదీల కథ (ఇద్దరూ నోరు మెదపకుంటే ఇద్దరికీ మేలే, కానీ ఎవడికి వాడు తప్పించుకోవాలని ఎదుటివాడి మీద చెప్పేసి ఇద్దరూ మునుగుతారు) చెప్పి వదిలేశారు, ఎకనామిక్స్‌లో ఇది నిజంగా దేనికన్నా పనికొస్తుందా అన్నది ఒకటి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మీ సిరొంచ తాలూకాలో గ్రామసభ బీడీలు చుట్టే తునికాకుకు టెండరు పిలిస్తే నిరుడు ముగ్గురే వచ్చారు, ముగ్గురి రేట్లూ పక్కపక్కనే ఉన్నాయి, ఆ ఖైదీల కథే నిజమైతే వీళ్లు ఒకరినొకరు ముంచుకోవాలి కదా, ఎందుకు ముంచుకోలేదు అన్నది రెండోది. ఈసారి సీల్డు కవర్లా, అందరి ముందు వేలం పాట పాడించాలా అన్నది మూడోది. రెండోదీ మూడోదీ తేలితే మొదటిది దానంతటదే తేలుతుంది. నేను ఈ జిల్లాలోనే కాలేజీలో ఈ సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను, ఆ తర్వాత కొన్ని గ్రామసభలకు టెండరు కాగితాలు చదివిపెట్టే పని నెత్తిన పడింది, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిక పట్టు.

ముందు ఒక్క విషయం సరిచేయాలి. నాష్ సమతౌల్యం అంటే అందరికీ మేలు జరిగే చోటు అని రాశావు. కాదు. మిగతావాళ్లు చేస్తున్నదే చేస్తూ ఉంటే నేనొక్కణ్ణి నా పద్ధతి మార్చుకుని బాగుపడేది ఏమీ లేదు అని ప్రతి ఒక్కరికీ అనిపించే స్థితి, అంతే. అది అందరూ మునిగే చోటు కూడా కావచ్చు. 1838లోనే ఫ్రాన్సులో కూర్నో అనే ఆయన ఊటనీళ్లు అమ్మే ఇద్దరు వ్యాపారుల లెక్కలో ఈ ఆలోచన పట్టుకున్నాడు. 1944లో వాన్ న్యూమన్, మోర్గెన్‌స్టర్న్ గేమ్ థియరీని ఒక శాస్త్రంగా నిలబెట్టారు. 1950లో జాన్ నాష్, అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు, ఆటగాళ్లు ఎంతమందైనా, లాభనష్టాలు ఎలా ఉన్నా, ఎత్తుల సంఖ్యకు ఒక పరిమితి ఉన్న ప్రతి ఆటలోనూ ఇలాంటి చోటు కనీసం ఒకటి ఉంటుందని రెండే పేజీల కాగితంలో చూపించాడు. అదే ఏడాది అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థలో ఫ్లడ్, డ్రెషర్ అనే ఇద్దరు మీ సిలబస్‌లో ఉన్న ఆట తయారుచేస్తే, టక్కర్ అనే గణితవేత్త దానికి ఖైదీల కథ తగిలించాడు. కథ బాగుండడంతో అదే మిగిలిపోయింది, పాఠం చెప్పేవాళ్లు కూడా అక్కడే ఆగిపోతారు. చరిత్ర ఇక చాలు.

ఇప్పుడు మీ టెండరు. లెక్క తేలిగ్గా ఉండాలని ముగ్గురి బదులు ఇద్దరు కాంట్రాక్టర్లనే తీసుకుంటా, ఒకాయన్ని పెద్దాయన అందాం, ఇంకొకాయన్ని చిన్నాయన అందాం. రెండు యూనిట్లు (టెండరుకు పెట్టే ఆకు ప్రాంతాలు), ఒక్కో దాంట్లో వెయ్యి స్టాండర్డు బ్యాగుల (ఆకు కట్టలు లెక్కపెట్టే కొలత) ఆకు. కూలీ, రవాణా, గోదాము, వడ్డీ అన్నీ పోను ఒక బ్యాగుకు గ్రామసభకు 8,000 దాకా కట్టినా కాంట్రాక్టరుకు నష్టం లేదనుకో (ఇవి లెక్క కోసం వేసిన అంకెలు, మీ ఊరి రేట్లు కావు). ఇద్దరూ ముందే ఎక్కడో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నారు, ఒకటో యూనిట్ పెద్దాయనకు, రెండోది చిన్నాయనకు, ఇద్దరూ 5,000కే వేస్తారు, ఒకరి యూనిట్‌లో ఇంకొకరు 4,900 వేసి ఊరికే పోటీ ఉన్నట్టు చూపిస్తారు. ఒక్కొక్కరికి బ్యాగుకు 3,000 చొప్పున 30 లక్షలు. మరి పెద్దాయన మాట తప్పి చిన్నాయన యూనిట్‌లో కూడా 5,100 వేశాడనుకో. అది కూడా తనదే అవుతుంది, ఇంకో 29 లక్షలు, మొత్తం 59. చిన్నాయనకు సున్నా. ఇద్దరూ మాట తప్పి పోటీ పడితే ధర 7,800 దాకా పోయి చెరో 2 లక్షలు మిగులుతాయి. ఒక్క ఏడాదికే ఆట ముగిసేదైతే ఎదుటివాడు ఏం చేసినా మాట తప్పడమే ఇద్దరికీ లాభం. అచ్చం ఖైదీల కథే, అక్కడిదాకా నువ్వు అన్నది నిజం.

కానీ వాళ్లు ఒక్క ఏడాదికి రాలేదు కదా. నిరుడూ వాళ్లే, ఈసారీ వాళ్లే, వచ్చే ఏడూ వాళ్లే. పెద్దాయన ఈ ఏడు మాట తప్పితే 29 లక్షలు అదనం, కానీ ఆ తర్వాత చిన్నాయన ప్రతి ఏడాదీ ప్రతి యూనిట్‌లోనూ పోటీకి వస్తాడు, 30 వచ్చే చోట 2 వస్తుంది, అంటే ఏటా 28 లక్షలు పోతాయి. ఇప్పుడొచ్చే 29 మేలా, ముందుముందు ఏటా పోయే 28 ఎక్కువా? లెక్క కట్టి చూస్తే, వచ్చే ఏడాది వచ్చే రూపాయిని ఈరోజు 51 పైసలుగా లెక్కపెట్టుకునేవాడు కూడా మాట మీద నిలబడతాడు. మన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవాడికి కూడా, బారువడ్డీ లెక్కన ఏడాదికి 36 అవుతుంది, వచ్చే ఏడాది రూపాయి ఇవ్వాళ 73 పైసలకు తగ్గదు. అంత మిత్తి కట్టే మనిషికే కుమ్మక్కు గిట్టుబాటైతే సొంత డబ్బుతో వచ్చే ఆసామి సంగతి చెప్పక్కర్లేదు. అందుకే వాళ్లు ముంచుకోలేదు తమ్మీ. వాళ్లది స్నేహం కాదు, కులం కాదు, నీతి అసలే కాదు.

ఈ లెక్కలోనే ఇంకోటి దాగి ఉంది, టెండర్లు పెట్టేవాళ్లు ఎక్కువగా చూడనిది. కుమ్మక్కు నిలబడాలంటే మూడు కావాలి: మాట తప్పినవాడు వెంటనే దొరకాలి, దొరికాక శిక్షించే అవకాశం ఉండాలి, తప్పితే ఒక్కసారి వచ్చే లాభం మరీ పెద్దది కాకూడదు. గ్రామసభ చేతిలో ఈ మూడింటి తాళాలూ ఉన్నాయి. 1996 పెసా చట్టం (ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చినది), 2006 అటవీ హక్కుల చట్టం, 2014లో మహారాష్ట్ర తెచ్చిన పెసా నియమాలు కలిసి తునికాకు అమ్మే హక్కు గ్రామసభకు ఇచ్చాయి, ఎలా అమ్మాలో నిర్ణయించేదీ మీరే. కాంట్రాక్టర్లను తిట్టి లాభం లేదు, వాళ్ల స్థానంలో నువ్వున్నా అదే చేస్తావు. ఆట నియమం మార్చే హక్కు మీ దగ్గరుంటే దాన్ని వాడాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు చూడాల్సింది తేదీ. సీల్డా, పాటా అన్నది దాని తర్వాతే. ఎందుకంటే మీ ఊళ్లో ధర పడిపోతున్న అసలు చోటు అక్కడుందని నా అనుమానం. తునికాకు సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు, ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొట్టించాలి, ఏప్రిల్ ఆఖరునుంచి మేలో ఆకు కోత, ఆ కొద్ది రోజుల్లో కోయకపోతే ఆకు ముదిరి బీడీకి పనికిరాదు, మధ్యలో వడగండ్ల వాన పడితే చిల్లులు పడి అదీ పాయె. ఇది కాంట్రాక్టరుకు మనకంటే బాగా తెలుసు. మీరు మార్చిలో మొదటి టెండరు పిలిచి కనీస ధర 7,000 అని పెడతారు. వాళ్లు రారు. ఎందుకు రారంటే ఏప్రిల్లో రెండో టెండరు పిలుస్తారనీ, అప్పుడు 6,000కు దిగుతారనీ, అదీ పోకపోతే కోతకు వారం ముందు 4,500కు కాళ్లబేరానికి వస్తారనీ వాళ్లకు తెలుసు. కనీస ధర కాగితం మీద ఎంత గట్టిగా రాసినా చివరి రోజున దాని మీద నిలబడే శక్తి మీకు లేకపోతే అది ఉత్త బెదిరింపే. ఇదే విషయాన్ని జర్మనీ ఆర్థికవేత్త సెల్టెన్ 1965లో సూత్రంగా చెప్పాడు: ఆటను చివరి ఎత్తునుంచి వెనక్కి చదువుతూ రా, ఆ దశలో నిజంగా చేయలేని బెదిరింపుని లెక్కలోంచి తీసెయ్. 1994లో నాష్, హర్సాన్యిలతో పాటు ఆయనకూ నోబెల్ వచ్చింది. మీ టెండరుని ఏప్రిల్ ఆఖరునుంచి వెనక్కి చదువు, మార్చిలో ఎందుకు ఎవరూ రాలేదో అర్థమవుతుంది.

మందు కూడా అక్కడే ఉంది. టెండరు డిసెంబరు, జనవరిలోనే పిలవండి, అప్పుడు ఒకసారి ఖాళీ పోయినా ఆకు మీద గడియారం మొదలవదు. అంతకన్నా ముఖ్యమైనది, అమ్ముడుపోకపోతే ఏం చేస్తారో ముందే నిర్ణయించి, చేయగలిగేలా ఏర్పాటు కూడా చేసి, అందరికీ కనబడేలా పెట్టండి. చుట్టుపక్కల గ్రామసభలు నాలుగైదు కలిసి తామే ఆకు కోయించి, ఎండబెట్టి, సంచులు కట్టి, గోదాములో పెట్టి నిజామాబాద్ వైపో సోలాపూర్ వైపో బీడీ కంపెనీలకు నేరుగా అమ్ముకోవచ్చు. ఇది తేలికని నేను అనడంలేదు. కూలీకి కట్టకింత అని రోజూ డబ్బు చేతిలో పెట్టాలి, ఆకు తడిపి ఆరబెట్టే పనివాళ్లు కావాలి, గోదాము అద్దె కావాలి, ఏడాది దాకా సరుకు పోకపోతే పెట్టుబడి ఇరుక్కుంటుంది. కానీ ఇక్కడే చాలామందికి తట్టని సంగతి ఒకటుంది, ఆ పని మీరు నిజంగా చేయాల్సిన అవసరం రాకపోవచ్చు. గోదాము అద్దెకు మాట్లాడి బయానా ఇచ్చారని, సంచులు తెప్పించారని, కూలీ డబ్బుకు బ్యాంకులో ఏర్పాటు చేసుకున్నారని కాంట్రాక్టరు చెవిన పడితే చాలు, మొదటి టెండరుకే వస్తాడు. వెనక్కి పోయే దారి తానే మూసేసుకున్నవాడికి బేరంలో బలం పెరుగుతుందని షెల్లింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త చెప్పింది ఇదే, ఆయన ఉదాహరణలు అణుబాంబుల దాకా పోయాయి, మనకు ఆకు సంచులు చాలు.

ఇప్పుడు సీల్డు కవరా, పాటా. పుస్తకం చదివినవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే 1961లో విక్రీ అనే ఆర్థికవేత్త చూపించిన ఫలితం ప్రకారం ఏ పద్ధతి పెట్టినా సగటున అమ్మేవాడికి వచ్చేది ఒకటే. (ఈ విక్రీకి 1996లో నోబెల్ ప్రకటించిన మూడో రోజునే చనిపోయాడు పాపం.) నువ్వు పరీక్షలో అదే రాయి, మార్కులొస్తాయి. కానీ ఆ ఫలితం కింద చిన్న అక్షరాల్లో షరతులున్నాయి: పాడేవాళ్లు కుమ్మక్కు కాకూడదు, సరుకు తనకెంత విలువన్నది ఎవరికి వాళ్లకు విడిగా ఉండాలి, అందరూ ఒకే స్థాయివాళ్లు అయ్యుండాలి, నష్టానికి భయపడి వెనక్కి తగ్గేవాళ్లు కాకూడదు. మీ దగ్గర ఒక్కటీ లేదు. షరతు ఎటువైపు తప్పిందో దాన్నిబట్టి పద్ధతి ఎంచుకోవాలి, ఈ ఫలితం అసలు ఉపయోగం అదే.

కుమ్మక్కు భయం ఉంటే సీల్డు కవరే. అందరి ముందు పాటలో మాట తప్పినవాడు నోరు తెరిచిన క్షణంలోనే దొరికిపోతాడు, చిన్నాయన వెంటనే ఎదురు పాడతాడు, తప్పినందుకు దక్కేదేమీ ఉండదు, అందుకని ఎవడూ తప్పడు. సీల్డులో అయితే కవర్లు తెరిచేదాకా ఎవరికీ తెలియదు, తెలిసేసరికి యూనిట్ చేజిక్కింది. అంటే సీల్డు కవరు కుమ్మక్కులో ఉన్నవాళ్ల మధ్య అనుమానం పెడుతుంది, మనకు కావలసింది ఆ అనుమానమే. రెండో కారణం, కొత్తగా వచ్చే చిన్న వ్యాపారి. పాటలో పెద్దాయన ఎంతకైనా పైన పాడతాడని తెలుసు కాబట్టి అతను సిరొంచ దాకా బస్సు ఖర్చు కూడా పెట్టుకోడు, సీల్డులో మాత్రం పెద్దాయన బద్ధకంగా తక్కువ వేస్తే నాకు తగలొచ్చు అనే ఆశ ఉంటుంది. అమెరికాలో ప్రభుత్వ అడవుల కలప వేలంలో సరిగ్గా ఇదే గొడవ నడిచింది, 1976లో చేసిన అటవీ చట్టంలో కుమ్మక్కు భయంతోనే సీల్డు టెండర్ల మాట చేర్చారు. తర్వాత ఏథీ, లెవిన్, సీరా అనే ముగ్గురు ఆ రికార్డులన్నీ తిరగేసి 2011లో చూపించింది కూడా అదే, సీల్డు పెట్టిన చోట చిన్న వ్యాపారులు ఎక్కువమంది వచ్చారు. ఆకూ కలపా రెండూ అడవివే కాబట్టి ఈ ఉదాహరణ మీ గ్రామసభలో చెప్పొచ్చు.

పాట వైపు వాదన లేకపోలేదు. ఆకు నాణ్యత ఎలా ఉంటుందో, మే నెలలో వాన పడుతుందో లేదో, బీడీ కంపెనీలు ఎంత కొంటాయో ఎవరికీ పూర్తిగా తెలియదు, తలా ఒక అంచనాతో వస్తారు. ఇలాంటి చోట అందరికంటే ఎక్కువ ఆశపడినవాడే గెలుస్తాడు, గెలిచాక చూస్తే ఎక్కువ కట్టేశానని తెలుస్తుంది. మెక్సికో సింధుశాఖలో చమురు బ్లాకులు పాడిన కంపెనీల అనుభవం మీద ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఈ సంగతి రాశారు, గెలిచినవాడి శాపం అని దీనికి పేరు పడింది. పాటలో ఎదుటివాళ్లు ఎక్కడ ఆగారో కనబడుతుంది కాబట్టి అంచనా సరిదిద్దుకునే వీలుంటుంది, ధైర్యంగా పాడతారు. పదిమంది నిజమైన పోటీదారులు వచ్చే చోట నేనూ పాటకే ఓటేస్తా. ముగ్గురొచ్చే చోట కాదు.

ఈ శాపానికి మన దగ్గర ఇంకో ముఖం ఉంది, అది పాఠంలో ఉండదు. శాపం కాంట్రాక్టరుకు తగలాలి కానీ ఊరికి తగులుతుంది. ఎక్కువ రేటు వేసి యూనిట్ పట్టేస్తాడు, ఆకు ఎత్తుకుపోతాడు, మార్కెట్ పడిపోగానే మిగతా వాయిదాలు ఎగ్గొడతాడు, కోర్టుకెళ్లే ఓపిక మనకుండదని తెలుసు. ధర పెరిగితే లాభం నాది, పడితే నష్టం ఊరిది అన్నప్పుడు ఎవడైనా కళ్లు మూసుకుని పెద్ద రేటు వేస్తాడు. దీన్ని చూసి నిజాయితీగా వేసేవాడు ఓడిపోయి వచ్చే ఏడు రావడం మానేస్తాడు. అందుకని ఎక్కువ రేటు వచ్చిందని గ్రామసభలో చప్పట్లు కొట్టే ముందు ధరావతు ఎంతో చూడండి. ధరావతు చాలినంత పెట్టండి, కూలీ డబ్బు కోత మొదలవకముందే ఖాతాలో పడాలి, కల్లంలోంచి సంచులు గోదాముకు పోయినా తాళం గ్రామసభదే ఉండాలి, ఏ వాయిదా కడితే అంత సరుకే బయటికి. ధరావతు మరీ పెంచితే చిన్న వ్యాపారి రాలేడు, ఆ ఇబ్బంది ఉంది. తాళం గట్టిగా ఉంటే ధరావతు కొంచెం తగ్గించినా ఫర్వాలేదని నా అభిప్రాయం.

యూనిట్ల సంగతి కూడా చెప్పాలి. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఒకటి, నెలకొకటి అని విడివిడిగా పిలిస్తే కుమ్మక్కుకు మీరే సాయం చేస్తున్నట్టు, ఎందుకంటే మాట తప్పినవాణ్ణి శిక్షించడానికి వచ్చే వారమే ఇంకో టెండరు ఉంది. అన్ని ఊళ్లూ కలిసి ఒకే రోజు, ఒకే గంటలో కవర్లు తెరిస్తే తప్పినవాడికి ఒకేసారి పెద్ద మూట దొరుకుతుంది, శిక్ష మాత్రం ఏడాది తర్వాత. పైన వేసిన లెక్కలో 29 ఉన్న చోట 90 పెట్టి చూడు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవాడు ఇక మాట మీద నిలబడడు. అలాగే, మీ వైపు కొన్ని చోట్ల చేసేదే, ఓడిపోయినవాళ్ల రేట్లన్నీ పేర్లతో సహా చదివి వినిపించడం పారదర్శకత అనుకుంటారు, గ్రామసభ లోపల అది అవసరమే, కాదనను, కానీ కాంట్రాక్టర్లను కూర్చోబెట్టి వినిపిస్తే మాట తప్పినవాడెవడో పట్టుకునే పని కూడా మీరే చేసిపెట్టినట్టు.

చట్టం వైపునుంచి ఒక మాట. టెండర్లో కుమ్మక్కవడం 2002 కాంపిటీషన్ చట్టం కింద నేరం లాంటిదే, భారీ జరిమానా ఉంటుంది. అందులో 46వ సెక్షన్ చూడు, నీకు నచ్చుతుంది: కుమ్మక్కులో ఉన్నవాళ్లలో ముందుగా వచ్చి అన్నీ బయటపెట్టినవాడికి జరిమానా పూర్తిగా కూడా మాఫీ చేయొచ్చు, తర్వాత వచ్చినవాడికి అంత రాయితీ ఉండదు. అంటే ప్రభుత్వమే కావాలని ఖైదీల ఆట తయారుచేసి వ్యాపారులను అందులో కూర్చోబెట్టింది. 2012లో కాంపిటీషన్ కమిషన్ పదకొండు సిమెంటు కంపెనీల మీద 6,000 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఒక గ్రామసభ ఢిల్లీ దాకా వెళ్లి కేసు నడుపుతుందని నేననుకోను, కానీ ప్రతి కవరులోనూ ‘ఈ రేటు ఎవరితోనూ మాట్లాడుకోకుండా వేశాను’ అని సంతకం పెట్టించుకోవడానికి ఖర్చేముంది?

నీ మొదటి ప్రశ్నకు ఇంకో రెండు ఉదాహరణలిస్తా, రెండూ గోదావరి అవతలివే. మన గడ్చిరోలి 1993నుంచి మద్యనిషేధం ఉన్న జిల్లా, అవతల తెలంగాణలో వైన్ షాపులు లాటరీలో ఇస్తారు. 2023లో దరఖాస్తు ఫీజు 2 లక్షలు, తగిలినా తగలకపోయినా వెనక్కి రాదు. 2,620 షాపులకు 1.31 లక్షల దరఖాస్తులొచ్చాయి, అంటే షాపుకు సుమారు 50, ఫీజుల రూపంలోనే షాపుకు కోటి రూపాయలు. 2025లో ఫీజు 3 లక్షలు చేశారు. దరఖాస్తులు 95 వేల పైచిలుకుకు పడిపోయాయి, గిరాకీ తగ్గిందని అందరూ రాశారు. కానీ భాగించి చూడు, షాపుకు 36 దరఖాస్తులు, ఒక్కోటి 3 లక్షలు, మళ్లీ కోటి చిల్లర! గిరాకీ ఎక్కడికీ పోలేదు. లాటరీలో తగిలేదాని విలువ కోటి అనిపించినంతకాలం, కట్టిన ఫీజుకు గిట్టుబాటు కాదనిపించేదాకా కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు, ఫీజు పెంచితే మనుషులు తగ్గుతారు, మొత్తం మాత్రం అక్కడక్కడే తిరుగుతుంది. టల్లక్ అనే ఆర్థికవేత్త ఇలాంటి పోటీల లెక్కలే చేశాడు. షాపు లాభమంతా షాపు తెరవకముందే ఖజానాకు చేరిపోతుంది, తగలని 49 మంది డబ్బుతో.

రెండోది మిరప. మన వాళ్లు తేజ మిర్చి వేసి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు తోలుకుపోతారు. నిరుడు ధర బాగుంటే ఈ ఏడు అందరూ మిరపే, ధర కుప్పకూలుతుంది, మరుసటి ఏడు అందరూ పత్తి. అందరూ పోయే వైపు పోకుండా ఉండడమే లాభమైన ఆట ఇది, అందరికీ ఒకే సలహా ఇస్తే ఆ సలహాయే తప్పవుతుంది. యూట్యూబ్‌లో ‘ఈ ఏడు ఏ పంట వేయాలి’ అని చెప్పే వీడియోకు లక్ష వ్యూస్ వచ్చాయంటే ఆ పంట వేయకపోవడమే మంచిదని నేను సగం తమాషాగా, సగం నిజంగానే చెబుతుంటా. ఇందులో సమతౌల్యం అంటే కొందరు మిరప, కొందరు పత్తి, ఎవరికీ మారితే లాభం లేనంత పాళ్లలో. ఆ పాళ్లు ఎవరు ఎవరికి చెప్పాలన్నదే కష్టం.

పెద్ద ఉదాహరణ కావాలంటే 2010లో జరిగిన 3జీ స్పెక్ట్రమ్ వేలం చదువు, 34 రోజులు, 183 రౌండ్లు, 67 వేల కోట్ల పైన వచ్చింది. దానికి రెండేళ్ల ముందు 2జీని ముందొచ్చినవాడికి ముందు పద్ధతిలో ఇచ్చారు, ఆ 122 లైసెన్సులనూ 2012లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. రౌండ్ల వారీ వేలం పద్ధతిని రూపొందించినవాళ్లలో ఇద్దరు, మిల్‌గ్రామ్, విల్సన్, 2020 నోబెల్ పంచుకున్నారు.

లెక్కలో పట్టనిదీ ఉంది. 1982లో జర్మనీలో గూత్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు: ఒకడికి కొంత డబ్బిచ్చి ఇంకొకడితో పంచుకోమంటారు, రెండోవాడు వద్దంటే ఇద్దరికీ సున్నా. లెక్క ప్రకారం రూపాయి ఇచ్చినా తీసుకోవాలి. జనం తీసుకోలేదు, మరీ తక్కువ ఇస్తే మొహాన కొట్టారు. మీ తాతల తరంవాళ్లు గ్రామసభలో ‘ఆకు ముదిరి రాలిపోయినా సరే, ఆ రేటుకు ఇయ్యం’ అని లేచి కూర్చుంటారే, చదువుకున్న కుర్రాళ్లు దాన్ని మొండితనం అంటారు. ఆ పంతం నిజమని కాంట్రాక్టరు నమ్మితే సెల్టెన్ చెప్పిన ఉత్త బెదిరింపు కాస్తా ఉత్తది కాకుండా పోతుంది. కాబట్టి కాంట్రాక్టరుతో బేరానికి కూర్చున్నప్పుడు లెక్కలొచ్చిన నిన్ను కాకుండా ఆ ముసలాయన్ని ముందు కూర్చోబెట్టమని నా సలహా.

ఇక నీ మూడో ప్రశ్నకు సూటి జవాబు: సీల్డు కవర్లు, జనవరిలో, చుట్టుపక్కల గ్రామసభలతో కలిసి ఒకే రోజు, కనీస ధర ముందే చెప్పి, అమ్ముడుపోకపోతే సొంతంగా కోయించే ఏర్పాటు చూపించి. కవర్లు తెరిచే రోజు వరకు ఎంతమంది ఫారాలు కొన్నారో బయటికి పొక్కనీయకండి, ముగ్గురేనని తెలిస్తే ఆ ముగ్గురికీ పని తేలికైపోతుంది. ఫారం ఆన్‌లైన్లో కూడా దొరికేలా పెడితే ఎవరు కొన్నారో ఆఫీసు బయట చాయ్ బండి దగ్గర నిలబడి లెక్కపెట్టేవాడికి కూడా పని ఉండదు. నోటీసు ముసాయిదా మరాఠీలో ఉన్నా సరే ఇక్కడ పెట్టు, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి. ధరావతు, వాయిదాల పేరా ఎలా ఉందో చూసి చెబుతా.